నల్లగుట్టలో ఎడారి

విమానం దిగి, లారీ ఎక్కి, నల్లగుట్ట జంతు ప్రదర్శనశాలకు చేరిన విదేశీ అతిథులను చూడగానే డాక్టర్ తిప్పేస్వామికి మనసులో మెదిలిన మాట పంది. పైకి అనలేదు. అనకపోవడమే మంచిదయింది. మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వచ్చింది.

"సదరు జంతువును సిబ్బందిలో ఎవరూ, ఏ సందర్భంలోనూ, మౌఖికంగా గానీ లిఖితపూర్వకంగా గానీ పంది అని గానీ, పందిలాంటిది అని గానీ వ్యవహరించరాదు. వాటి కుటుంబం వేరు. వాటి గౌరవం వేరు."

అసలు పేరు పెక్కరీ. అమెరికా ఎడారుల్లో తిరిగే జంతువు. మన దగ్గరి దుప్పులను పంపి, బదులుగా వీటిని తెప్పించారు. తెలుగులో పేరు ఉండాలి కదా అని నామకరణ ఉపసంఘం ఒకటి కూర్చుని 'మరుభూమి వరాహసదృశం' అని నిర్ణయించింది. పందిలాంటిది అని తెలుగులో అంటే తప్పు, సంస్కృతంలో అంటే గౌరవం అన్నమాట. పేరు నోరు తిరగక జంతువులకు మేత వేసే ఓబులేసు వాటిని సదృశాలు అని పిలవడం మొదలుపెట్టాడు. మందలో పెద్ద ఆడదానికి మాత్రం విడిగా నల్లమ్మ అని పేరు పెట్టుకున్నాడు. బూడిద రంగు ముతక వెంట్రుకలు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ, ఎవరేమన్నా పట్టించుకోని మొహం. వీపు మీద ఒక గ్రంథి ఉంటుంది. కోపం వచ్చినా, భయం వేసినా, ప్రేమ పుట్టినా అందులోంచి వచ్చే వాసన ఒక్కటే. నల్లమ్మ కడుపుతో ఉంది.

తిప్పేస్వామి పశువుల ఆస్పత్రి నుంచి డిప్యుటేషన్ మీద ఇక్కడికి వచ్చిన మనిషి. చదువుకున్నవాడు, హస్తవాసి మంచిది, పై అధికారుల ముందు ఒక మాట అని ఊరుకుంటాడు. రెండో మాట అనడం అతనికి చేతకాదు. ఆ సాయంత్రం జంతువులతో పాటు వచ్చిన కాగితాలు ముందేసుకుని చదివాడు. ముళ్లపొదలు, వాగుల ఒడ్డున గుబురులు వాటి నివాసం. నాగజెముడు మట్టలను ముళ్లతో సహా నములుతాయి, ఆ మట్టల్లో నీళ్లుంటాయి కనుక దాహమూ తీరుతుంది. మన సర్కారు తుమ్మకు దాయాది అయిన చెట్టు కాయలంటే ప్రాణం. గడ్డలు తవ్వి తింటాయి. ఎండపొద్దు నీడ చూసుకుని పడుకుంటాయి. నీళ్లు కనిపిస్తే మాత్రం తాగకుండా వదలవు.

చదివి తలెత్తి కిటికీలోంచి చూశాడు. ఆవరణ నిండా నాగజెముడు. అంచున సర్కారు తుమ్మ. గోడ దాటితే రాళ్లవంక, దాని ఒడ్డునా అవే. జంతువులు ఇల్లు వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చినట్టనిపించింది. సంతోషం పట్టలేక క్యూరేటర్ పరబ్రహ్మం గదికి పరుగెత్తాడు.

"సార్, వీటికి మనం ఏమీ చెయ్యనక్కర్లేదు."

పరబ్రహ్మం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనది నెమ్మదైన గొంతు. ఆ గొంతులో ఏది చెప్పినా అప్పటికే ఆమోదం పొందిన తీర్మానంలా ఉంటుంది.

"డాక్టర్ గారూ, ఏమీ చెయ్యనక్కర్లేదన్నది ప్రతిపాదన కాదు. దానికి శంకుస్థాపన చెయ్యలేం, ప్రారంభోత్సవం చెయ్యలేం. ఇక్కడ నివాసం అన్నచోట స్పష్టంగా ఎడారి అని ఉంది. మనది ఎడారా?"

"కరువు ప్రాంతం సార్."

"కరువు రెవెన్యూ శాఖ చూసుకుంటుంది. ఎడారి మనం చూసుకోవాలి."

తిప్పేస్వామి తన ఒక మాట అనేశాడు కనుక ఊరుకున్నాడు.

ఎడారి నిర్మాణానికి సంఘం వేశారు. తొలి సమావేశంలోనే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ ఏడు ప్రభుత్వం 'స్వదేశీ హరితం' అనే ఉద్యమం నడుపుతోంది. ప్రభుత్వ స్థలాల్లో విదేశీ మొక్క ఒక్కటి కూడా మిగలకూడదు. నాగజెముడూ సర్కారు తుమ్మా రెండూ ఏనాడో సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడినవే. సంఘంలో తిప్పేస్వామిని కూడా వేశారు కనుక, నోరు తెరవక తప్పదని తెరిచాడు.

"సార్, ఆ మొక్కలు ఈ జంతువుల దేశానివే. వీటి తిండి అదే."

"గమనించదగ్గ అంశం," అన్నాడు పరబ్రహ్మం. "అయితే జంతువులు మన అతిథులు. మొక్కలు ఆక్రమణదారులు. వీసా ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం ప్రభుత్వ విధానం కాదు."

మర్నాడు జేసీబీ వచ్చింది. నాగజెముడు పొదలను వేళ్లతో పెకలించి గోడ అవతల రాళ్లవంకలో పారబోసింది. సర్కారు తుమ్మ కొట్టేశారు. మధ్యలో ఒక వేపచెట్టు ఉండేది, పూర్తి స్వదేశీ. దాని నీడ ఎడారి భావనకు భంగకరమని దాన్నీ కొట్టేశారు. తర్వాత లారీల్లో ఇసుక వచ్చింది. ఏటి ఇసుక పోసి, చదును చేసి, మళ్లీ చదునుగా ఉంటే ఎడారిలా లేదని దిబ్బలు చేసి, వంక వైపు గోడకు ఎత్తుగా ఆనించారు. సినిమా సెట్లు వేసే మేస్త్రీ ఒకాయనను పిలిపించి, చేతులు పైకెత్తి నిలబడ్డట్టుండే సిమెంటు జెముడు చెట్లు కట్టించారు. వాటికి చిలకపచ్చ రంగు వేశారు. గోడ పక్కన ఒంటె. అదీ సిమెంటే.

"సార్, వీటి ఎడారిలో ఒంటెలుండవు," అన్నాడు తిప్పేస్వామి.

"వీటికి తెలుసు. ప్రజలకు తెలియాలి కదా ఇది ఎడారి అని," అన్నాడు పరబ్రహ్మం.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కత్తిరించగానే మందను వదిలారు. చూపు ఆనని జంతువులు ముక్కు ఎత్తి వాసన చూస్తూ కాసేపు నిలబడ్డాయి. ఆకలి మీదున్న పోతు ఒకటి నేరుగా సిమెంటు జెముడు దగ్గరికి వెళ్లి నోరారా కొరికింది. టప్పుమని చప్పుడయింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. మర్నాటి పత్రికల్లో 'సొంతింట్లో తొలి భోజనం' అని వేశారు. విరిగిన కోర ముక్కను తిప్పేస్వామి ఇసుకలో వెతికి జేబులో వేసుకున్నాడు.

ఎడారి తయారైంది కానీ ఎడారి తిండి తయారు కాలేదు. నాగజెముడు మట్టలకు టెండరు పిలిచారు. మట్టలు ఎడారిలోనే పెరిగినట్టు అక్కడి అధికారి ధ్రువపత్రం జతపరచాలి. ఒక్కరూ ముందుకు రాలేదు. గోడ అవతల పారబోసినవి తెచ్చి వేద్దామంటే వాటికి ధ్రువపత్రం లేదు, పైగా అవి ఇటీవలే బహిష్కరణకు గురైనవి. పందుల దాణా వేద్దామంటే సర్క్యులర్ అడ్డు. తిప్పేస్వామి ఎవరినీ అడక్కుండా గుమ్మడికాయలు, చిలగడదుంపలని కొన్నిచోట్ల అనే గెనుసుగడ్డలు తెప్పించాడు. జంతువులు ఎగబడి తిన్నాయి. మెమో వచ్చింది.

"గెనుసుగడ్డ ఎడారి పంట కాదు. సందర్శకుల కంటపడేలా సదరు గడ్డను వేయడం వల్ల ఇది ఎడారి కాదేమోనన్న సందేహం ప్రబలే అవకాశం ఉన్నందున, ఇకపై తవ్వుకు తిన్నట్టు కనిపించేలా పూడ్చి వేయవలెను."

పూడ్చి వేశారు. ఓబులేసు పొద్దున్నే గెనుసుగడ్డలు ఇసుకలో పాతిపెట్టేవాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఎండలు ముదిరాక ఎవరో పరిశీలకుడు వచ్చి నీళ్లతొట్టి చూశాడు. ఎడారిలో నీళ్లతొట్టి ఏమిటని రాసిపోయాడు. తొట్టి తీయించారు.

తిప్పేస్వామి క్యూరేటర్ గదికి వెళ్లాడు. "నీళ్లు లేకపోతే చస్తాయి సార్."

"ఎడారి జంతువు నీళ్లు లేక చస్తే అది ఎడారి జంతువు ఎలా అవుతుంది? ఆ ప్రశ్నకు సమాధానం మన దగ్గర లేదు. అందుచేత ఆ పరిస్థితి రాకూడదు. మీరు చూసుకోండి," అన్నాడు పరబ్రహ్మం. అంటే నీళ్లు పెట్టమనీ కాదు, పెట్టొద్దనీ కాదు.

తిప్పేస్వామి బయటికొచ్చి సందర్శకులు నిలబడి చూసే గట్టు మీద కూర్చున్నాడు. నీడ లేని ఇసుకలో, ఒంటె కాళ్ల మధ్య పడుతున్న జానెడు నీడలో నల్లమ్మ పొట్ట వేలాడేసుకుని పడుకుని ఉంది. మిగతావి దాని చుట్టూ, ఒకదాని వీపుకు ఒకటి మొహం ఆనించి. అతనికి సిగ్గేసింది. తన ఉద్యోగ జీవితంలో ఇంతమంది పెద్దలు ఇంత శ్రద్ధగా ఒక మందను చంపడం అతను చూడలేదు.

"సార్, ఆయమ్మ పొద్దున్నించీ లెయ్యలా," అన్నాడు ఓబులేసు. "నేనొక మాట చెప్తా, కోప్పడొద్దండి. పుచ్చకాయలు తెచ్చి పాతేద్దామా? అది గడ్డ అనుకోనీ, గుడ్డు అనుకోనీ, చూసేవాళ్లకేం తెలుస్తాది."

ఆ రోజు నుంచి పుచ్చకాయలు పాతారు. మంద బతికింది, బతికిందన్న మాటే గానీ బక్కచిక్కిపోయింది.

అంతలో వాన పడింది. అదను కాని వాన, నల్లగుట్ట జనం మబ్బు కేసి చేతులెత్తి మొక్కే వాన. నాలుగు తడులకు ఎడారిలో గడ్డి మొలిచింది. ఇసుకలో పాతిన గెనుసుగడ్డలు కూడా తీగలు పాకాయి. పరబ్రహ్మం గొడుగేసుకుని వచ్చి చూసి నిట్టూర్చాడు. రాజధాని నుంచి ఉన్నతస్థాయి బృందం పరిశీలనకు వస్తోంది. ఉత్తమ ఆవాసానికిచ్చే పురస్కారం పరిశీలనలో ఉంది.

"ఎడారి పచ్చబడటం క్రమశిక్షణ లోపంగా పరిగణిస్తారు," అన్నాడు. "సిబ్బంది యావన్మందీ గడ్డి పీకాలి. గుమాస్తాలతో సహా."

జంతు ప్రదర్శనశాల సిబ్బంది మొత్తం వరసగా కూర్చుని ఎడారికి కలుపు తీశారు. వెనకనుంచి వాన మళ్లీ అందుకుంది. ఆ సాయంత్రం వాన మామూలుగా కురవలేదు. గోడకు ఆనించిన ఇసుకదిబ్బ జారింది. దానితో పాటు పునాది కింది మన్నూ కొట్టుకుపోయి, గోడ అడుగున మనిషి దూరేంత కంత పడింది. అవతల వంకలో, పారబోసిన నాగజెముడు అప్పటికే వేళ్లూని, ఎర్రటి పళ్లు కాసి ఉంది. వాన తడికి ఆ వాసన కంతలోంచి ఇవతలికి వచ్చి ఉంటుంది.

తెల్లారి చూస్తే ఎడారిలో ఒంటె ఒక్కటే ఉంది.

"వెళ్లిపోయాయి సార్," అన్నాడు తిప్పేస్వామి క్యూరేటర్ గదిలో నిలబడి.

పరబ్రహ్మం దిద్దాడు. "వెళ్లిపోయాయి అనకండి. అది నిర్ధారణ. కనబడటం లేదు అనండి. కనబడకపోవడం వాటి సహజ లక్షణమే కదా?"

"ఎండపొద్దు నీడలో పడుకుంటాయి సార్, కానీ..."

"అంతవరకు చాలు."

గోడ కంత పూడ్చేయించాడు. లోపలికి తిరిగి రావడానికి ఉన్న ఒకే దారి అలా మూసుకుపోయింది.

రెండు పూటలు గడవకముందే సుంకులమ్మ వచ్చింది. వంక అవతల ఆమెకు వేరుశనగ చేను, ఆమె మాటల్లో చెనిక్కాయ చేను, కొంచెం ఉంది, మేకలున్నాయి. చేనుకు కంచె నాగజెముడే. పెద్దామె, గొంతు పెద్దది. ఆఫీసు మెట్ల మీదే మొదలుపెట్టింది.

"మీ పందులు నా కంచె తినేసినాయి సార్. ముండ్లతో కలిపి తింటాండాయి. నా మేకలు చేన్లో బడితే ఎవరు జవాబు చెప్తారు?"

పరబ్రహ్మం ఆమెను కూర్చోబెట్టి, ఆమె చెప్పింది పూర్తిగా విని, మర్యాదగా చెప్పాడు. "అమ్మా, మా దగ్గర పందులు లేవు. కనుక మీ కంచె తిన్నవి మావి కావు."

"మెడకి తెల్ల పట్టీ ఉండాది కదా సార్. కంపు కొడతాండాయి కదా."

"మా జంతువులకు తెల్ల పట్టీ ఉన్నమాట నిజమే. అవి లోపలే ఉన్నాయి."

"యాడుండాయి? ఒక్కటీ కనపల్లేదే."

"ఎడారిలో అవి కనబడవమ్మా. అందుకే అది మంచి ఎడారి."

సుంకులమ్మ ఆయన మొహం వంక చూసింది, తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ తిప్పేస్వామి వంక చూసింది. "ఈయప్ప బాగుండాడా?" అని అడిగింది. తిప్పేస్వామి ఆమె వెంట నడిచాడు.

వంకలోకి దిగగానే వాసన తగిలింది. అంత దుర్గంధం తనకు అంత సంతోషం కలిగిస్తుందని అతను అనుకోలేదు. సర్కారు తుమ్మ నీడలో మంద మొత్తం ఉంది. కోర విరిగిన పోతు నాగజెముడు మట్టను కాలితో తొక్కిపెట్టి, రసం కారుతుండగా నములుతోంది. ఒకటి రాలిన తుమ్మకాయలు ఏరుకుంటోంది. వంక మడుగులో నీళ్లున్నాయి. గుంటలో పక్కవాటుగా పడుకున్న నల్లమ్మ దగ్గర ఎర్రమట్టి రంగు పిల్లలు రెండు, కాళ్లు తడబడుతూ పాలకోసం తోసుకుంటున్నాయి. అతని వాసన పట్టి నల్లమ్మ పళ్లు టకటకలాడించింది. దగ్గరికి రావద్దని దాని అర్థం. తిప్పేస్వామి అక్కడే రాయి మీద కూలబడి, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వాన చెమ్మో ఏమో, తుడిచిన కొద్దీ మొహం తడుస్తూనే ఉంది.

"ఏం సార్, పందుల్ని చూసి ఏడ్చేవాణ్ణి యాడా చూల్లేదు," అంది సుంకులమ్మ. "నా కంచె సంగతేంది?"

ఆ ఆదివారం తిప్పేస్వామీ ఓబులేసూ కలిసి, పారబోసిన నాగజెముడు మట్టలు తెచ్చి ఆమె చేను చుట్టూ రెండు వరసలు నాటారు. బయటి వరస జంతువులకు, లోపలి వరస చేనుకు అని ఒప్పందం. జంతువులకు ఆ ఒప్పందం ఎవరు చెప్తారని సుంకులమ్మ అడిగింది. లోపలి వరస చుట్టూ ముళ్లకంప పరిచాక గానీ ఆమె ఒప్పుకోలేదు.

ఉన్నతస్థాయి బృందం వచ్చింది. అధ్యక్షురాలు కాత్యాయని గారు, నల్లగుట్ట ఎడారి నమూనాకు రాజధానిలో సంతకం పెట్టిన పెద్ద అధికారి. నెరిసిన జుట్టు, తొందర లేని నడక. గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో ఎడారిని చాలాసేపు చూశారు. పరబ్రహ్మం పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పాడు.

"గమనించండి మేడమ్. ఎక్కడా ఒక్క జంతువు కూడా కనబడటం లేదు. సహజ ఆవాసంలో అవి అంతగా ఒదిగిపోయాయి. ఇతర ప్రదర్శనశాలల్లో జంతువులు కొట్టొచ్చినట్టు కనబడతాయి. అది ఆవాస వైఫల్యం."

బృందంలో వాళ్లు తలూపారు. ఒకాయన 'అద్భుతం' అని రాసుకున్నాడు. కాత్యాయని గారు బైనాక్యులర్స్ దించారు.

"డాక్టర్ గారూ, ఉన్నాయా?"

"లేవు మేడమ్," అన్నాడు తిప్పేస్వామి. అది అతని ఒక మాట. కానీ నోరు దానంతట అదే మళ్లీ తెరుచుకుంది. "గోడ అవతల ఉన్నాయి. ఇక్కడుంటే చచ్చేవి. అక్కడ ఒకటి ఈనింది కూడా."

కాత్యాయని గారు చెప్పులు విడిచారు. చీర కుచ్చిళ్లు దోపుకుని, గోడ పక్కనున్న సిమెంటు ఒంటె మూపురం మీదికెక్కి, అవతలికి తొంగిచూశారు. ఆ ఒంటె కట్టాక ఎవరికైనా పనికిరావడం అదే మొదలు. చాలాసేపు చూశారు. ఒకసారి నవ్వినట్టు కూడా అనిపించింది. దిగివచ్చాక చెప్పుల్లోని ఇసుక దులుపుకుంటూ మెల్లగా అన్నారు.

"బాగున్నాయి. పిల్లలు మరీ బాగున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి? తప్పించుకున్నాయని రాస్తే విచారణ వేస్తారు. ఎడారి ఎవరు కట్టారు, ఎవరు ఆమోదించారు అని అడుగుతారు. ఆమోదించింది నేను. విచారణ తేలేదాకా జంతువుల్ని తెచ్చి మళ్లీ ఇందులోనే పెట్టమంటారు."

"అందుచేత, మేడమ్," అన్నాడు పరబ్రహ్మం, "కనబడలేదని రాయడం శాస్త్రీయంగానూ సత్యమే అవుతుంది."

"డాక్టర్ గారు కూడా సంతకం పెట్టాలి," అన్నారు ఆవిడ.

తిప్పేస్వామి కాగితం అందుకోలేదు. రెండో మాట ఒకసారి అన్నాక మూడోది అంత కష్టంగా లేదు. "పెడతాను మేడమ్. ఆ వంకలోకి జేసీబీ రాకూడదు. స్వదేశీ హరితం వాళ్లు వచ్చే నెల అక్కడికే వస్తామంటున్నారు."

కాత్యాయని గారు అతని వంక కొత్తగా చూశారు. "గోడ ఎత్తు పెంచమని రాస్తాను, ఎడారి గోప్యత కోసం. ఇక ఇటువైపునుంచి వంక ఎవరికీ కనబడదు. కనబడనిదాన్ని శుభ్రం చెయ్యమని ఎవరూ అడగరు. అవతల్నుంచి ఎవరైనా వస్తే నాకు ఫోన్ చెయ్యండి."

తిప్పేస్వామి సంతకం పెట్టాడు. పెట్టాక చెయ్యి కడుక్కోవాలనిపించింది. ఎడారిలో నీళ్లు లేవు.

గోడ లేచింది. పురస్కారమూ వచ్చింది. పరబ్రహ్మానికి పదోన్నతి వచ్చింది, చిత్తడి నేలల విభాగానికి. ఎడారి చూడటానికి ఊళ్ల నుంచి బస్సుల్లో జనం రావడం మొదలైంది. గట్టు మీద 'జంతువులు మొహమాటస్తులు, నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు పెట్టారు. జనం గుసగుసగా మాట్లాడుకుంటూ ఖాళీ ఇసుకను చూసేవారు. టికెట్ కొని వచ్చినవాళ్లు ఏమీ చూడకుండా పోలేరు కదా. ఒంటె వెనకాల కదిలిందని ఒకరంటే, నాకైతే కోరలు కూడా కనిపించాయని ఇంకొకరు అనేవారు. సందర్శకుల్లో ఒక మాష్టారు వాటి తెల్లపట్టీని పిల్లలకు వేలు పెట్టి చూపిస్తుంటే, తిప్పేస్వామి తప్పుకుని పక్కకు వెళ్లిపోయాడు. వాటి ఆరోగ్యం బాగుందని అతను రోజూ రాసేవాడు. అందులో అబద్ధం లేదు. ఊరు చుట్టూ తిరిగి వంకలోకి వెళ్లి రోజూ చూసి వచ్చే రాసేవాడు.

ఒకనాడు సుంకులమ్మ చెనిక్కాయలు సంచిలో పోసుకుని అతని కోసం ఆఫీసుకు వచ్చింది. పంట బాగా వచ్చిందట. మేకలు కంచె దాటలేదట. వచ్చినదాన్ని వచ్చినట్టే పోతానా, ఇంతమంది బస్సులెక్కి వస్తాండారు, ఆ ఎడారేందో నన్నూ చూడనీ అంది. తిప్పేస్వామి గట్టు మీదికి తీసుకెళ్లాడు.

ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. రంగు వెలిసిన సిమెంటు జెముళ్లు, ఒంటె, ఇసుక, ఇసుక పైన ఎండ. ఒక చెట్టు లేదు, చుక్క నీళ్లు లేవు. చాలాసేపు చూసి, జాలిగా అడిగింది.

"ఈడ ఏం బతుకుతాది సార్?"

తిప్పేస్వామి టికెట్ కౌంటర్ వైపు చూశాడు, ఆఫీసు వైపు చూశాడు, ఇసుకలో వరసగా కూర్చుని కలుపు తీస్తున్న సిబ్బంది వైపు చూశాడు.

"మేం బతుకుతాండాం పెద్దమ్మా," అన్నాడు.